పాత మైనింగ్ మెషీన్ మరో పనికి వస్తుందా? ఐర్లండ్‌లోని మన ఇంజనీర్లకు ఒక సలహా

డన్‌డీల్, అడ్వర్ట్స్ వంటి సెకండ్‌హ్యాండ్ సైట్లలో ఆంట్‌మైనర్ అనే పాత బిట్‌కాయిన్ మైనింగ్ మెషీన్ చౌకగా కనిపిస్తే చాలు, ఐర్లండ్‌లో ఉన్న మన కుర్రాళ్లు కొందరు వెంటనే లెక్కలు వేయడం మొదలుపెడతారు. బిట్‌కాయిన్‌కి గిట్టకపోతే ఇంకో కాయిన్‌కి తిప్పుకోవచ్చు, అదీ కుదరకపోతే ఏఐ పనికి అద్దెకివ్వొచ్చు, ఎంతైనా లెక్కలు చేసే యంత్రమే కదా అన్నది వాళ్ల ధీమా. ఈసీఈయో ఈఈఈయో చదివి, మాస్టర్స్‌కి వచ్చి, పార్ట్‌టైమ్ జీతంతో గది అద్దె కట్టుకుంటున్నవాళ్లకు ఆ ధీమా చాలా ఖరీదైంది. అందుకే నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ మెషీన్‌లోని మైనింగ్ చిప్పుకు రెండో పని రాదు. దాని పక్కనున్న కంట్రోల్ బోర్డు, పవర్ సప్లై, వాటితో మీరు నేర్చుకునే విద్య మాత్రం ఇంకోచోట అక్కరకొస్తాయి. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకు అసలు సరుకు అదే.

చిప్పుకు రెండో పని ఎందుకు రాదో కాస్త దగ్గరగా చూద్దాం. బిట్‌కాయిన్ బ్లాక్ హెడర్ 80 బైట్లు. వెర్షన్‌కు 4, కిందటి బ్లాకు హ్యాష్‌కు 32, మెర్కిల్ రూట్‌కు 32, సమయానికి 4, డిఫికల్టీకి 4, చివర నాన్స్‌కు 4. షా-256 ఒక్కోసారి 64 బైట్లు తీసుకుంటుంది. నాన్స్ మారినా మొదటి 64 బైట్లు మారవు కాబట్టి వాటి లెక్క ఒక్కసారి చేసి పెట్టుకుంటే చాలు. ఆ ఫలితాన్ని, నాన్స్ పోను మిగిలిన 12 బైట్లను చిప్పుకు అందిస్తారు. చిప్పు నాన్స్‌ను సున్నా నుంచి దాదాపు 429 కోట్ల దాకా మారుస్తూ పోతుంది. ప్రతిసారీ హ్యాష్ తీసి, ఆ వచ్చినదానికి మళ్లీ హ్యాష్ తీసి, ముందు తగినన్ని సున్నాలు ఉంటేనే ఆ నాన్స్‌ను బయటికి చెబుతుంది. మిగతావన్నీ అక్కడికక్కడే పారేస్తుంది.

ఈ చివరి సంగతే చాలామందికి తట్టదు. "ఈ పదానికి హ్యాష్ ఎంత?" అని ఆ చిప్పును అడగడానికి దారే లేదు. అడిగే తీగా లేదు, జవాబు వచ్చే తీగా లేదు. కాబట్టి పాస్‌వర్డ్‌లు ఛేదించడానికి అది పనికిరాదు. 2016లో వచ్చిన ఆంట్‌మైనర్ ఎస్9లో బీఎం1387 చిప్పులు 189 ఉంటాయి. అన్నీ కలిసి సెకనుకు 13.5 లక్షల కోట్ల హ్యాష్‌లు తీస్తాయి. అంత వేగం ఎలా వచ్చిందంటే, ఆ ఒక్క లెక్కకు అక్కర్లేని ప్రతి ట్రాన్సిస్టర్‌నూ తీసేయడం వల్లే వచ్చింది. వడ్ల మిల్లు ఎంత పెద్దదైనా దాంట్లో నువ్వుల నూనె తీయలేం.

మరి ఇలా లెక్క చేసి చూపించే ప్రూఫ్ ఆఫ్ వర్క్ పద్ధతి బిట్‌కాయిన్‌తోనే పుట్టలేదు కదా, ఇంకెన్నో చోట్ల వాడుతున్నారు కదా అని అడుగుతారు. నిజమే. చెత్త ఈమెయిళ్లను ఆపడానికి ఆడమ్ బ్యాక్ 1997లో హ్యాష్‌క్యాష్ తెచ్చారు. కానీ అది షా-1 మీద నడిచేది. ఏఐ కంపెనీల బాట్లు వెబ్‌సైట్ల మీద పడి సర్వర్లను ముంచేస్తుంటే 2025లో అనూబిస్ అనే సాఫ్ట్‌వేర్ బాగా ప్రచారంలోకి వచ్చింది. పేజీ తెరిచేముందు మీ బ్రౌజర్ చేత చిన్న పజిల్ చేయిస్తుంది. అదీ షా-256నే, చూడ్డానికి మన మెషీన్‌కు సరిపోయినట్టే ఉంటుంది. కానీ అక్కడ ఒక్కో ప్రయత్నానికి హ్యాష్ తీసేది ఒక్కసారే, తీసేది 80 బైట్ల హెడర్‌కు కాదు, సైటు ఇచ్చిన అక్షరాల వరుసకు అంకె తగిలించి. ఎస్9కి అది అర్థమే కాదు. టార్ నెట్‌వర్క్ 2023 ఆగస్టులో తన ఆనియన్ సర్వీసులకు ప్రూఫ్ ఆఫ్ వర్క్ రక్షణ పెట్టినప్పుడు ఈక్వి-ఎక్స్ అనే పద్ధతి ఎంచుకుంది. మామూలు సీపీయూ ఉన్నవాడికి అన్యాయం జరగకూడదని, ప్రత్యేక యంత్రాలకు లాభం దక్కకుండా ఉండేలా కావాలనే కట్టిన పద్ధతి అది.

కాయిన్ల సంగతీ ఇంతే. లైట్‌కాయిన్‌ది స్క్రిప్ట్, డ్యాష్‌ది ఎక్స్11, కాస్పాది కేహెవీహ్యాష్, మొనేరోది 2019 నవంబరు నుంచి ర్యాండమ్ఎక్స్. వీటిలో ఏదీ బిట్‌కాయిన్ మెషీన్‌కు రాదు. వచ్చేవి బిట్‌కాయిన్ క్యాష్, బిట్‌కాయిన్ ఎస్‌వీ, పీర్‌కాయిన్, ఐదు అల్గారిథమ్‌లున్న డిజిబైట్‌లో ఒక పాయ వంటివి. నేమ్‌కాయిన్, రూట్‌స్టాక్ అయితే బిట్‌కాయిన్ కోసం చేసిన పనినే తమకూ లెక్కలోకి తీసుకుంటాయి. దీన్ని మెర్జ్డ్ మైనింగ్ అంటారు. లైట్‌కాయిన్ మెషీన్లతో డోజ్‌కాయిన్ కూడా రావడం ఇలాగే, 2014 నుంచి. అదనంగా కరెంటు కాలదు, కాబట్టి కలిసొచ్చిన చిల్లరగా అది మంచిదే. కానీ మైనింగ్‌నే నిలబెట్టేంత కాదు. ఇక బిట్‌కాయిన్ క్యాష్‌కు తిప్పితే ఎక్కువ వస్తుందనుకుంటే, అదే సంగతి పెద్ద మైనర్ల సాఫ్ట్‌వేర్‌కు మీకంటే ముందే తెలుస్తుంది. అందరూ అటు దూకగానే డిఫికల్టీ పెరిగి, రెండింటి రాబడీ ఒక్కటైపోతుంది. బిట్‌కాయిన్‌కు గిట్టని మెషీన్ దాని తోబుట్టువులకూ గిట్టదు.

ఒకే పని తెలిసిన యంత్రం బతుకు మనచేతిలో ఉండదు. 2018 మార్చిలో బిట్‌మైన్ కంపెనీ మొనేరో కోసం ఎక్స్3 మెషీన్ ప్రకటించింది. ఏప్రిల్‌లో మొనేరో డెవలపర్లు అల్గారిథమ్ మార్చేశారు. డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్ల మెషీన్ మొనేరోకు పనికిరాకుండా పోయింది. 2022లో ఈథీరియం కోసం అదే కంపెనీ మెషీన్ "ఈ9" అమ్మకానికి వచ్చింది. ఆ సెప్టెంబరు 15న ఈథీరియం ప్రూఫ్ ఆఫ్ వర్క్‌కే స్వస్తి చెప్పింది. ఆ మెషీన్‌కు ఈథీరియం క్లాసిక్ వంటి చిన్న కాయిన్లే దిక్కయ్యాయి. అదే సమయంలో గ్రాఫిక్స్ కార్డులు పెట్టుకున్నవాళ్లు వాటిని గేమర్లకు అమ్ముకున్నారు, వీడియో రెండరింగ్‌కు, మెషీన్ లెర్నింగ్‌కు వాడుకున్నారు. వాళ్లలోనూ ఎన్విడియా 2021లో మైనింగ్ కోసమే తెచ్చిన సీఎంపీ కార్డులు కొన్నవాళ్లు ఇబ్బంది పడ్డారు, వాటికి మానిటర్ తగిలించే పోర్టే లేదు. కాబట్టి కొనే ముందు చూడాల్సింది వేగం కాదు, ఈ పని ఆగిపోతే దీన్ని ఇంకెవరు కొంటారు అన్నది.

"మైనింగ్ కంపెనీలు ఏఐకి మారుతున్నాయి కదా" అనే మాట ఇక్కడే తప్పుదారి పట్టిస్తోంది. అమెరికాలో కోర్ సైంటిఫిక్ 2024లో కోర్‌వీవ్‌తో ఒప్పందం చేసుకుని తన కేంద్రాల్లో కొన్నింటిని ఏఐకి ఇచ్చింది. అక్కడ మారింది మెషీన్లు కాదు. భవనం, హై వోల్టేజీ లైను, ట్రాన్స్‌ఫార్మర్లు, కూలింగ్ మిగిలాయి. బిట్‌కాయిన్ మెషీన్లు బయటికెళ్లాయి, ఎన్విడియా సర్వర్లు లోపలికొచ్చాయి.

ఇప్పుడు ఐర్లండ్ కరెంటు లెక్క. యూరప్‌లో ఇళ్ల కరెంటు బాగా ఖరీదైన దేశాల్లో ఇదొకటి. యూనిట్ 35 సెంట్లు అనుకుందాం. ఎస్9 సుమారు 1,320 వాట్లు తాగుతుంది, రోజంతా నడిస్తే 31.7 యూనిట్లు, అంటే 11 యూరోలు. రాబడి చూడండి. 2024 ఏప్రిల్ హాల్వింగ్ తర్వాత బ్లాకుకు 3.125 బిట్‌కాయిన్లు, రోజుకు దాదాపు 144 బ్లాకులు, మొత్తం 450. నెట్‌వర్క్ వేగం 2025లో సెకనుకు వెయ్యి ఎక్సాహ్యాష్‌లను తాకింది. ఆ లెక్కన ఎస్9 వాటాకు రోజుకు 600 సతోషీలు వస్తాయి. బిట్‌కాయిన్ లక్ష యూరోలున్నా అది 60 సెంట్లు. పదకొండు పెట్టి అరవై సెంట్లు తెచ్చుకోవడం. 200 టెరాహ్యాష్‌ల ఎస్21 తీసుకుంటే 3,500 వాట్లు, రోజుకు 84 యూనిట్లు, 29 యూరోల బిల్లు, 9 యూరోల రాబడి. ఎలక్ట్రిక్ కారు ప్లాన్లలో అర్ధరాత్రి తర్వాత యూనిట్ పది సెంట్లకు దగ్గరగా దొరుకుతుందంటారు. దొరికే ఆ కాసిని గంటల్లోనే ఎస్21 రాబడి దాని కరెంటు ఖర్చుకు సరిపోతుంది, మెషీన్ ధర ఎప్పటికీ తిరిగిరాదు. ఎస్9కి అయితే యూనిట్ రెండు సెంట్లకు వచ్చినా కష్టమే. శనివారమో ఆదివారమో ఉచితం అనే ప్లాన్లకు వాడకం పరిమితి ఉంటుంది, ఆ చిన్న అక్షరాలు చదవకుండా సంతకం పెట్టొద్దు.

వేడిని ఇంటికి వాడుకుంటానంటారు. ఎస్9 ఇచ్చే వేడి 1,320 వాట్ల హీటర్ ఇచ్చే వేడికి ఎక్కువా కాదు, తక్కువా కాదు, పైగా రోద. హీట్ పంపు అదే యూనిట్ కరెంటుతో మూడింతల వేడి ఇస్తుంది. ఆ గదిలో మీరెలాగూ కరెంటు హీటరే వేస్తున్నట్టయితే తప్ప ఇది దండగ.

అన్నిటికంటే నాకు భయం వేసేది వైరింగ్ గురించి. ఇక్కడి ప్లగ్గులో ఫ్యూజు 13 ఆంపియర్లు. 230 వోల్టుల దగ్గర అది మూడు వేల వాట్లకు కాస్త తక్కువ. ఎస్19 ప్రో 3,250 వాట్లు, ఎస్21 3,500. ఇవి మామూలు సాకెట్టు మీద నడిపే వస్తువులే కావు. కెటిల్ రెండు నిమిషాలు మరిగి ఆగిపోతుంది, మైనర్ రాత్రంతా ఆగదు. నలుగురు కలిసి అద్దెకుంటున్న పాత ఇంట్లో, ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి ఇది నడిపితే ప్రాణాల మీదికి వస్తుంది. కొత్త సర్క్యూట్ వేయించాలంటే సేఫ్ ఎలక్ట్రిక్‌లో నమోదైన ఎలక్ట్రీషియనే వేయాలి, ఓనరు ఒప్పుకోవాలి. ఆఫీసులోనో కాలేజీ ల్యాబ్‌లోనో గుట్టుగా పెడదామన్న ఆలోచన వస్తే వెంటనే మానుకోండి. అది సంస్థ కరెంటు దొంగిలించడమే, ఉద్యోగం పోతే దాంతోపాటు పర్మిట్ కూడా చిక్కుల్లో పడుతుంది.

వీసా సంగతి చాలామంది ఆలోచించరు. స్టాంప్ 2 మీదున్న విద్యార్థికి కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటల ఉద్యోగం చేసుకునే వీలుంది గానీ సొంత వ్యాపారానికి అనుమతి లేదు. సొంత వ్యాపారం విషయంలో స్టాంప్ 1జీకీ అంతే. ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ మీదున్నవాళ్లు పర్మిట్‌లో రాసిన యజమాని దగ్గరే పని చేయాలి. నాలుగు మెషీన్లు పెట్టి ప్రతినెలా ఆదాయం చూపిస్తే అది సొంత వ్యాపారంగా లెక్కకు రావచ్చు. స్టాంప్ 4 వచ్చేదాకా అలాంటి పని జోలికి పోవద్దు, పోవాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ సలహాదారును అడగండి. ఇక పన్ను సంగతి, కాయిన్లు అమ్మిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ 33 శాతం, ఏడాదికి 1,270 యూరోల వరకు మినహాయింపు. వ్యాపారంగా చేస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలు వేరే.

ఇంత చెప్పాక కూడా నేను పాత ఎస్9 ఒకటి కొనమనే సందర్భం ఒకటుంది. మైనింగ్‌కి కాదు, కంట్రోల్ బోర్డు కోసం. ఎస్9లో బాగా కనిపించే కంట్రోల్ బోర్డు మీద జైలింక్స్ వాళ్ల జింక్ 7010 చిప్పు ఉంటుంది. రెండు ఆర్మ్ కోర్టెక్స్-ఏ9 ప్రాసెసర్లు, వాటి పక్కనే ఎఫ్‌పీజీఏ. ఇదే చిప్పున్న డెవలప్‌మెంట్ బోర్డు కొత్తది కొనాలంటే విద్యార్థికి భారమే. హ్యాష్ బోర్డులు కాలిపోయిన, ఎవరికీ అక్కర్లేని ఎస్9 నుంచి తీసిన బోర్డుతో ఆ చదువు చదువుకోవచ్చు. ఎస్‌డీ కార్డు నుంచి లినక్స్ బూట్ అవుతుంది. వివాడో సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఈ చిప్పుకు సరిపోతుంది. ఆంట్‌మైనర్లలో కొన్నింటికి వేరే చిప్పులున్న బోర్డులు వచ్చాయి కాబట్టి కొనే ముందు బోర్డు ఫొటో అడిగి, చిప్పు మీద పేరు చదివి మరీ తీసుకోండి.

దాని మీద ఏం చేయాలంటే, వెరిలాగ్‌లో షా-256 కోర్ మీరే రాయండి. సరిగా రాశారో లేదో చూసుకోవడానికి 2009 జనవరి 3 నాటి బిట్‌కాయిన్ మొదటి బ్లాకు హెడర్ ఇవ్వండి. దాని నాన్స్ 2083236893. రెండుసార్లు హ్యాష్ తీసి, బైట్ల వరుస తిరగేసి హెక్సాలో రాస్తే మొదట పది సున్నాలు రావాలి. రాకపోతే చాలాసార్లు తప్పు బైట్ల వరుసలోనే ఉంటుంది, ఎండియన్ లెక్క అందరినీ ఏడిపిస్తుంది. వచ్చాక కోర్‌ను పైప్‌లైన్ చేయండి. గడియార వేగం ఎంత పెరిగింది, ఎన్ని లుక్-అప్ టేబుల్స్ పట్టాయి, టైమింగ్ ఎక్కడ తప్పింది, అన్నీ రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో అడిగేవి ఇవే. రెజ్యూమెలో "క్రిప్టో మైనింగ్ చేశాను" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. "జింక్ 7010 మీద పైప్‌లైన్డ్ షా-256 కోర్, ఏఎక్స్ఐ ఇంటర్‌ఫేస్, టెస్ట్‌బెంచ్‌తో సహా" అని రాస్తే పిలుస్తాడు.

ఆ పిలిచే సంస్థలు ఐర్లండ్‌లోనే ఉన్నాయి. జైలింక్స్ యూరప్ ప్రధాన కార్యాలయం డబ్లిన్‌లోని సిటీవెస్ట్‌లోనే ఉండేది. 2022 ఫిబ్రవరిలో జైలింక్స్‌ను ఏఎండీ కొన్నాక, 2023 జూన్‌లో ఐర్లండ్‌లో 13.5 కోట్ల డాలర్ల వరకు పెట్టుబడి, 290 దాకా ఉద్యోగాలు అని ప్రకటించింది. లీక్స్‌లిప్‌లో ఇంటెల్ 1989 నుంచి ఉంది, ఫ్యాబ్ 34 అక్కడిదే. లిమరిక్‌లో అనలాగ్ డివైసెస్ 1976 నుంచి ఉంది. కార్క్‌లో టిండాల్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. చిప్ డిజైన్, టెస్ట్ ఇంజనీరింగ్ పనులు ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ల క్రిటికల్ స్కిల్స్ జాబితాలో ఉన్నవే. సాఫ్ట్‌వేర్ వైపే అందరూ ఎగబడుతున్న ఈ రోజుల్లో, ఈసీఈ చదివి హార్డ్‌వేర్‌ను వదిలేసుకున్న మన పిల్లలు ఒక్కసారి ఇటు చూడాలని నా కోరిక.

రెండో దారి డేటా సెంటర్లు. ఐర్లండ్ మీటర్లలో తిరిగే కరెంటులో డేటా సెంటర్ల వాటా 2015లో 5 శాతం. 2023కి 21, 2024కి 22 శాతమైందని ఇక్కడి గణాంక కార్యాలయం సీఎస్ఓ చెప్పింది. గ్రిడ్ మీద ఆ ఒత్తిడి చూసే డబ్లిన్‌లో కొత్త కనెక్షన్ల విషయంలో ఎయిర్‌గ్రిడ్ వెనకాడింది. ఉన్న కరెంటునే పొదుపుగా వాడటం, వేడిని వృథా పోనివ్వకపోవడం తెలిసినవాళ్లకు గిరాకీ అందుకే. టాలాలో అమెజాన్ డేటా సెంటర్ వేడి 2023 నుంచి కౌంటీ కౌన్సిల్ భవనాలనూ, టీయూ డబ్లిన్ క్యాంపస్‌నూ వెచ్చబెడుతోంది. పడగ్గదిలో ఎస్9తో మీరు చేయబోయిన పనే అది, కాకపోతే హీట్ పంపుతో, పైపులతో, లెక్క ప్రకారం చేశారు. మైనింగ్ ఫారంలో పని చేసొచ్చినవాళ్లకు రాక్ మీద లోడ్ పంచడం, గాలి దారి, పీడీయూలు, వేడికి చిప్పు వేగం తగ్గడం, రాత్రి అలారం మోగితే ఏది ముందు చూడాలో తెలిసే ఉంటుంది. క్లోనీ, గ్రేంజ్ క్యాజిల్, బ్లాంచార్డ్‌స్‌టౌన్ వైపు టెక్నీషియన్, కమిషనింగ్ ఉద్యోగాలకు కావలసింది అదే. నిర్మాణంలో ఉన్న సైటులో అడుగు పెట్టాలంటే సేఫ్ పాస్ కార్డు తప్పనిసరి. ఒక్కరోజు కోర్సు, నాలుగేళ్లు చెల్లుతుంది, అప్లికేషన్ పెట్టకముందే చేసుకోండి. అయితే ఈ టెక్నీషియన్ ఉద్యోగాలన్నీ క్రిటికల్ స్కిల్స్ జాబితాలో ఉండవు, స్టాంప్ 1జీ గడువు దగ్గరపడినవాళ్లు ఆఫర్ ఒప్పుకోకముందే పర్మిట్ ఏ రకమో అడిగి తెలుసుకోవాలి.

మైనింగ్ చిప్పు ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుని చూడాలన్న కుతూహలమే అయితే బిట్‌యాక్స్ గామా చాలు. ఒక్క బీఎం1370 చిప్పు, సుమారు 17 వాట్లు, రోజుకు 14 సెంట్ల కరెంటు. సర్క్యూట్, ఫర్మ్‌వేర్ అన్నీ ఓపెన్ సోర్స్, చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఎస్9 పవర్ సప్లై మాత్రం వర్క్‌బెంచ్ మీద జాగ్రత్తగా వాడండి. 12 వోల్టులేలే అని తేలిగ్గా తీసుకుంటారు, దాంట్లోంచి వంద ఆంపియర్లకు పైగా వస్తాయి, స్పానర్ అడ్డంపడితే నిప్పులు చిమ్ముతుంది. మిగిలిన హ్యాష్ బోర్డులు చెత్తబుట్టలో వేయొద్దు. కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌లో ఇళ్ల ఎలక్ట్రానిక్ సామాను ఉచితంగానే తీసుకుంటారు.

కొనాలని మనసు లాగితే, డబ్బు పంపేముందు మూడు కాగితాలు బల్ల మీద పెట్టుకోండి. కరెంటు బిల్లులో యూనిట్ రేటు, ఐఆర్‌పీ కార్డు మీద స్టాంపు, ఇంటి అద్దె ఒప్పందం. ఆ మూడూ ఒప్పుకుంటే అప్పుడు అమ్మేవాణ్ని పని చేసే మెషీన్ ధర కాదు, కాలిపోయిన ఎస్9 కంట్రోల్ బోర్డు ధర అడగండి.